ఎవరి నడక ఎవరు నడిచారు?

నేను బందరులో ఫిజియోథెరపిస్టుగా పనిచేసి రిటైరైనదాన్ని. మా బంధువుల్లో సగం మందికి మాత్రం ఇవాళ్టికీ "కాళ్ళు పట్టే డాక్టరమ్మ"నే. కొత్తలో ఈ మాట వింటే ఒళ్ళు మండేది. పోనుపోను ఆలోచిస్తే ఇంతకన్నా సరైన నిర్వచనం మా పాఠ్యపుస్తకాల్లో కూడా లేదనిపించింది. పొద్దున రోగి కాళ్ళు పట్టుకుని వంచడం, సాయంత్రం అదే రోగి కాళ్ళు పట్టుకుని "కాస్త నడవండి బాబూ" అని బతిమాలడం. నా ఉద్యోగమంతా ఈ రెండు పట్టుకోవడాల మధ్యే గడిచింది.

ఈ మధ్య మా వీధిలో ఒకమ్మాయికి ఈ కోర్సులో సీటొచ్చింది. నా దగ్గరికొచ్చి, "ఆంటీ, ఇప్పుడంతా సెన్సర్లేనట కదా. పేషెంటుకి తగిలించేస్తే ఎలా నడుస్తున్నారో అదే చెప్పేస్తుందట కదా" అంది. చెప్తుందమ్మా, తప్పకుండా చెప్తుంది అన్నాను. ఎవరి గురించి చెప్తోందన్నది మాత్రం మనం చూసుకోవాలి. ఇది ఆ అమ్మాయి కోసం, ఆ అమ్మాయిలాంటి వాళ్ళ కోసం రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, రిటైరైన రోజు కప్పిన శాలువా గురించి ఇందులో ఏమీ ఉండదు. ఆ శాలువా కూడా కప్పినవాళ్ళు అనుకున్నంత గొప్పదేం కాదు, ఒక్క ఉతుక్కి రంగు దిగింది.

మర్యాద అనే రోగం

మా కృష్ణా జిల్లా జనానికి ఏ రోగమున్నా లేకపోయినా మర్యాద మాత్రం ఉంటుంది. అది పక్షవాతం కన్నా మొండిది, ఏ మందుకీ తగ్గదు.

"నొప్పి ఎలా ఉందండీ?" అని అడుగుతాం. "పర్లేదండీ" అంటారు. నొప్పి తగ్గినవాళ్ళదీ అదే మాట, పళ్ళ బిగువున ఏడుపు ఆపుకుంటున్నవాళ్ళదీ అదే మాట. డాక్టరు గారు అంత శ్రమపడి వైద్యం చేస్తుంటే తగ్గలేదని చెప్పడం ఏం బాగుంటుందని వాళ్ళ ఉద్దేశం. పెళ్ళిభోజనంలో పులుసు బాగాలేదని వియ్యంకుడితో చెప్పం కదా, అలాగన్నమాట.

"ఇంట్లో వ్యాయామం చేస్తున్నారా?" అని అడిగితే ఇంకో జవాబు సిద్ధంగా ఉంటుంది. "చేస్తున్నామండీ." ఇది రోగి అనరు, పక్కన నిలబడ్డ భార్య అంటుంది. ఆ "చేస్తున్నాం"లో ఎవరెవరున్నారని అడగాలని నాకెప్పుడూ తోచలేదు. మన భాషలో భార్యాభర్తలు అన్నీ కలిపే చెప్తారు. "మాకు షుగరుందండీ" అంటుంది ఆవిడ. షుగరు ఆయనకొక్కరికే ఉంటుంది. మీరు మాత్రం ఆ బహువచనం దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఎందుకో ముందుముందు తెలుస్తుంది.

బిళ్ళలు వచ్చాయి

నా సర్వీసు చివర్లో విజయవాడ నుంచి ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు మా ఆస్పత్రితో కలిసి పనిచేస్తామని వచ్చారు. వాళ్ళ తరఫున సింధూర అనే ఇంజనీరు ఒక పెట్టె పట్టుకుని బస్సు దిగింది. గుంటూరు పిల్ల, చురుకైంది. ఆ పెట్టెను దారంతా ఒళ్ళోనే పెట్టుకుని వచ్చిందట, చంటిపిల్లను తెచ్చినట్టు.

అందులో ఉన్నవి సెన్సర్లు. అగ్గిపెట్టె కన్నా కాస్త చిన్నగా, నల్లగా ఉంటాయి. రెండు పాదాల మీదా పట్టీతో ఒక్కొక్కటి, నడుముకి బెల్టుతో ఒకటి కట్టాలి. నడుస్తున్నప్పుడు పాదం ఎంత ఎత్తుకు లేచింది, ఎటు తిరిగింది, నేల మీద ముందు మడమ ఆనిందా వేళ్ళు ఆనాయా, ఒళ్ళు ఎటు ఒరిగింది, ఇవన్నీ పట్టుకుని ఇంట్లో ఉన్న ఫోన్‌కి పంపుతాయి. ఫోన్ నుంచి సింధూర కంప్యూటర్‌కి చేరి తెర మీద గీతలుగా కనిపిస్తాయి. ఆస్పత్రిలో మా ముందు రోగి నడిచే నాలుగడుగులూ పెళ్ళిచూపుల నడక. ఇంట్లో అసలు నడక ఎలా ఉందో ఇవి చెప్తాయి. ఆ మాట నిజమే, నాకు బాగా నచ్చింది.

మా పెద్ద డాక్టరు గారికి నచ్చలేదు. ఆయన నరాల వైద్యులు. నోరు చేదు, చెయ్యి మంచిది. కొత్త వస్తువును తిట్టకుండా ముట్టుకోరు, ముట్టుకున్నాక మనకివ్వరు. "ఏమ్మా, ఇంతకాలం కళ్ళతో చూశాం కదా. ఇప్పుడు కళ్ళు ఇంట్లో పెట్టొస్తున్నావా?" అన్నారు నాతో. నెల తిరక్కముందే సింధూర పక్కన కుర్చీ వేసుకుని "ఈ గీతేమిటి, ఆ గీతేమిటి" అని ఆ పిల్లను భోజనానికి కూడా వెళ్ళనిచ్చేవారు కాదు.

సెన్సర్ అన్న మాట మా రోగుల నోట నిలవలేదు. కోర్టులున్న ఊరు, ఒంటి మీద బిళ్ళ కట్టుకు తిరిగే బిళ్ళ బంట్రోతు అంటే తెలియనివాళ్ళు లేరు. రెండో రోజుకే అది "బిళ్ళ" అయిపోయింది. దసరాకి వాటికి పసుపూ కుంకుమా పెట్టి పూజ చేసి తిరిగిచ్చిన ఇల్లు కూడా ఉంది. కుంకుమ ఛార్జింగ్ పెట్టే రంధ్రంలోకి దూరింది. సింధూర పళ్ళు తోముకునే బ్రష్షుతో దాన్ని శుభ్రం చేస్తూ "దేవుడా!" అంది. "ఆయన కోసమే కదమ్మా పెట్టింది" అన్నాను.

గీత చూసే ముందు దారి చూడండి

బిళ్ళ అబద్ధమాడదు. కానీ దానికి మన ఊళ్ళు తెలియవు.

గుడివాడలో ఒక రిటైరైన హెడ్‌క్లర్కు గారికి మోకాలు మార్చారు. ఇంటి దగ్గర ఆయన నడక గీత చూసి సింధూర కంగారుపడింది. బాగా నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోతున్నారు, మళ్ళీ నడుస్తున్నారు, మళ్ళీ ఆగుతున్నారు. "మేడమ్, కాళ్ళు నేలకి అతుక్కుపోతున్నట్టున్నాయి. వణుకు రోగం మొదలవుతోందేమో" అంది. నేను గుడివాడ వెళ్ళి ఆయన వెనకాలే నడిచాను. ప్రతి గేటు దగ్గరా ఎవరో ఒకరు "ఏవండీ, మోకాలెలా ఉంది?" అంటున్నారు. నడుస్తూ జవాబు చెప్పడం మర్యాద కాదు. ఆగి, నిలబడి, ఆపరేషను కథంతా మొదటి నుంచీ చెప్పి బయలుదేరుతున్నారు. ఒక ఇంటి ముందు మాత్రం ఎవరూ లేకపోయినా ఆగారు. "ఇక్కడెవరున్నారండీ?" అన్నాను. "మా పాత ఆఫీసరు గారిల్లండీ. ఆయన లోపల పడుకుని ఉంటారు. అయినా మనం మానకూడదు కదండీ" అన్నారు. ఆ రోగానికి మా డాక్టరు గారి దగ్గర కూడా మందు లేదు.

దివిసీమలో నాగాయలంక దగ్గర ఒక రైతుకి తుంటి ఎముక అతికింది. ఆయన గీత చూస్తే తాగి తూలుతున్న మనిషిలా ఉంది. అడుగు ముందు అడుగు, రెండు పక్కలకీ ఊగడం. అడిగితే తేలిందేమిటంటే, ఆయన రోజూ నడుస్తున్నది వరిచేల గట్ల మీద. అక్కడ అలా నడవని మనిషి బురదలో ఉంటాడు. తుంటి విరిగినవాడు గట్ల మీద నడవచ్చా అని మీరడగవచ్చు. నేనూ అడిగాను. "రోడ్డు మీద బళ్ళొస్తాయండీ, ప్రమాదం" అన్నాడాయన.

ఈ రెండూ నవ్వుకోవడానికి బాగుంటాయి. తర్వాత జరిగింది నవ్వుతో మొదలైనా అక్కడ ఆగలేదు.

ఎడమా కుడీ

కోటేశ్వరరావు గారిది పెడన. కలంకారీ బట్ట మీద చెక్క అచ్చులతో పూలూ లతలూ ముద్రించడం ఆయన పని. మనిషి ఎత్తరి, బరువైనవాడు. పక్షవాతమొచ్చి కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. ప్రాణం నిలిచింది, నడక సగం తిరిగొచ్చింది, నడవాలన్న కోరిక మాత్రం రాలేదు. పక్షవాతం ఆయన మాటలన్నింటినీ ముద్ద చేసింది గానీ "రేపు" అన్న మాటను ముట్టుకోలేదు. "కోటేశ్వరరావు గారూ, నడుద్దామా?" "రేపు." అది మాత్రం రేడియోలో చెప్పినంత స్పష్టంగా వచ్చేది.

ఆయన భార్య నాగరత్నం గారు. బక్కపలచని మనిషి. ఆయన్ని మంచం మీంచి లేపడం, స్నానం చేయించడం, ఆటో ఎక్కించడం అన్నీ ఆవిడే. ఆయన చంక కింద తన భుజం దూర్చి, నడుము చుట్టూ చెయ్యి వేసి ఆస్పత్రి వరండాలో నడిపించుకుంటూ వచ్చేది. ఇద్దరూ అటూ ఇటూ ఊగుతూ ఒకే మనిషిలా కదిలేవాళ్ళు. ఊగుతున్నది ఆయనే అని అందరం అనుకున్నాం.

ఇంటికి బిళ్ళలిచ్చి పంపాం. ఎలా కట్టాలో, ఏది కుడి ఏది ఎడమ, నేను కడుతుంటే ఆవిడ శ్రద్ధగా చూసింది. మొదటి వారాల గీతలు చూస్తే ఆయన మంచానికీ టీవీకీ మధ్య తప్ప ఎక్కడికీ కదిలినట్టు లేదు. సింధూర ఆ గీతల్ని వాళ్ళకి చూపించి, "ఏంటండీ అంకుల్, అసలు నడవట్లేదు" అంది. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. నాగరత్నం గారు ఆ మొహాన్ని చూసింది. "రేపట్నుంచి నడుస్తామండీ" అంది.

ఆ మర్నాటి నుంచి గీతలు లేచి కూర్చున్నాయి. పొద్దున్నే నడక, సాయంత్రం నడక. సింధూర ఆనందం ఇంతా అంతా కాదు, వాళ్ళ ప్రొఫెసరు గారికి ఫోన్ చేసి చెప్పింది. మా డాక్టరు గారు కూడా "ఊఁ" అన్నారు. ఆయన "ఊఁ" అంటే ఇంకొకరు శాలువా కప్పినట్టు.

కొన్నాళ్ళకి సింధూర నా దగ్గరికొచ్చింది. "మేడమ్, వీళ్ళు కుడి బిళ్ళ ఎడమకీ, ఎడమ బిళ్ళ కుడికీ కడుతున్నట్టున్నారు. అంకుల్‌ది కుడికాలు కదా, గీతలో ఎడమకాలు బాగాలేదు" అంది. ఫోన్ చేశాను. "లేదండీ, మీరు చూపించినట్టే కట్టామండీ, రోజూ నడుస్తున్నామండీ" అంది నాగరత్నం గారు. ఆవిడ మాట మీద నాకు నమ్మకం ఉంది. కూర్చుని ఆ గీతను మళ్ళీ చూశాను.

పక్షవాతం కాలు బిగుసుకుపోయి ఉంటుంది. అది ముందుకు రావాలంటే బయటికి అర్ధచంద్రంలా తిరిగి రావాలి. ఈ గీతలో ఆ తిరుగుడే లేదు. కాలు మామూలు కన్నా ఎత్తుకు లేస్తోంది, పాదం కిందికి వేలాడుతోంది, ముందు వేళ్ళు తగిలి తర్వాత పాదం మొత్తం టప్పున పడుతోంది. ఇది మెదడులో వచ్చిన తేడా కాదు. నడుము దగ్గరో మోకాలి దగ్గరో నరం నలిగితే పాదం ఇలా వేలాడుతుంది.

డాక్టరు గారికి చూపించాను. ఆయన తిట్టలేదు, అందుకే భయమేసింది. "మంచి కాలు కూడా పోతే ఆ మనిషి ఇంక మంచం దిగడు. రేపే స్కానింగ్‌కి పిలిపించు" అన్నారు. ముందు నేను ఒకసారి ఇంటికి వెళ్ళి చూసొస్తానన్నాను.

పెడనలో

చెప్పకుండా వెళ్ళాను. కోటేశ్వరరావు గారు వసారాలో కుర్చీలో కూర్చుని టీవీ చూస్తున్నారు. కాళ్ళకి బిళ్ళలు లేవు. నన్ను చూసి ఆయన మొహంలో రంగు మారింది. ఏదో చెప్పబోయి పెరటి వైపు చూశారు. పెరట్లోంచి చప్పుడు వస్తోంది. టప్... టప్... ఒక అడుగు మెత్తగా, ఒక అడుగు టప్పున.

వెళ్ళి చూస్తే నాగరత్నం గారు చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి దోపుకుని, నడుముకి బెల్టు, రెండు పాదాలకీ బిళ్ళలు కట్టుకుని, బట్టలారేసిన దండెం చుట్టూ ప్రదక్షిణలు చేస్తోంది. ఫోను కిటికీలో పెట్టి ఉంది.

"నాగరత్నం గారూ, ఏమిటండీ ఇది?"

ఆవిడ ఆగింది. సిగ్గుపడింది గానీ తప్పు చేసినదానిలా లేదు. "మీరేనాండీ! రండి రండి. ఆయన నడవనంటారండీ. మీరేమో రోజూ నడక పడాలంటారు. ఎవరో ఒకళ్ళం నడవాలి కదండీ మరి."

"ఆయన నడకండీ అది. మీరు నడిస్తే ఎలా?"

"ఆయన కోసం శనివారాలు ఉపవాసం ఎవరున్నారండీ? నేనే కదండీ. ఆయనకి తగ్గాలని గుళ్ళో ప్రదక్షిణలెవరు చేశారు? ఆ ఫలమంతా ఆయనకి చెందినప్పుడు ఇది మాత్రం ఎందుకు చెందదండీ?"

"మరి నడుస్తున్నామని చెప్పారు కదండీ నాకు?"

"నడుస్తున్నామనే కదండీ అన్నాను" అంది ఆవిడ, అమాయకంగా. తర్వాత గొంతు తగ్గించి, "గీత పడిపోతే ఆ అమ్మాయి మొహం చూడలేకపోయానండీ. అంత దూరం నుంచి బస్సులో వస్తుంది పాపం" అంది.

నవ్వొచ్చింది. ఇన్నేళ్ళ సర్వీసులో రోగి తరఫున వ్యాయామం చేసిపెట్టినవాళ్ళను చూడలేదు. పొట్ట పట్టుకుని నవ్వాను, ఆవిడ కూడా నవ్వింది. "రండి, కాఫీ పెడతాను" అంటూ వంటింటి వైపు నడిచింది. టప్. టప్. అప్పుడు నా నవ్వు ఆగిపోయింది. మా డాక్టరు గారు కంగారుపడ్డ గీత ఎవరిదో అప్పుడు నాకు తెలిసింది.

"ఒక్క నిమిషం. ఆ ఎడమ చెప్పు జారిపోతోందా మీకు?"

"అవునండీ, మీకెలా తెలుసు? వదులైందనుకుని కొత్తవి కొన్నానండీ. అవీ జారుతున్నాయి. ఈ మధ్య చెప్పులు కూడా సరిగా చెయ్యట్లేదు."

కుర్చీలో కూర్చోబెట్టి, పాదం చేతిలోకి తీసుకుని, వేళ్ళు పైకి లేపమన్నాను. లేపానంది. పాదం నా చేతిలో కదల్లేదు. పాదం పైన గోటితో గీస్తే తెలియలేదు. నడుము నొప్పి ఎన్నాళ్ళ నుంచని అడిగితే, "అదేముందండీ, ఆయన్ని లేపుతుంటే పట్టేసింది, పర్లేదండీ" అంది. ఆయన వసారాలోంచి అంతా వింటున్నారు.

మీకు ఒక మాట చెప్తాను. పక్షవాతం ఒక్కరికే వస్తుంది, దాన్ని మోసేది ఇద్దరు. మనం బిళ్ళలు కట్టేది ఒక్కరికే. రోగిని తీసుకొచ్చిన మనిషి ఎలా నడుస్తోందో చూడమని నాకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు. మీ కాలేజీలో చెప్తే సంతోషం.

"నేను"

మర్నాడు ఇద్దర్నీ ఆటోలో ఆస్పత్రికి రప్పించాను. డాక్టరు గారు అలవాటు ప్రకారం కోటేశ్వరరావు గారి వైపు తిరిగారు. "పేషెంటు ఈవిడండీ" అన్నాను. ఆయన పరీక్ష చేశారు, స్కానింగ్ తీయించారు. నడుములో ఎముకల మధ్య ఉండే డిస్కు జారి కాలికి వెళ్ళే నరాన్ని నొక్కేస్తోంది. "ఆపరేషను చేసి నరాన్ని విడిపించాలి. ఆలస్యం చేస్తే ఆ పాదం ఇంక లేవదు. ఇప్పుడు చేసినా లేస్తుందని నేను మాటివ్వలేను, చెయ్యకపోతే మాత్రం లేవదని మాటిస్తాను" అన్నారు. ఆయన మంచి మాట కూడా అలాగే చెప్తారు.

నాగరత్నం గారు ససేమిరా అంది. ఆపరేషనంటే భయం లేదట. "నేను పడుకుంటే ఆయన్నెవరు చూస్తారండీ? ఆయన లేచి నడిచాక చేయించుకుంటాను."

"ఆయన లేచి నడవడానికి మీరు వీలివ్వట్లేదు కదమ్మా. ఆయన వాటా కూడా మీరే నడిచేస్తున్నారు" అన్నారు డాక్టరు గారు.

ఆవిడ తల వంచుకుంది. చక్రాల కుర్చీలో కూర్చున్న కోటేశ్వరరావు గారు అప్పటిదాకా ఆవిడ పాదం వైపే చూస్తున్నారు. ఆ నడుము ఎవర్ని లేపి లేపి అలా అయిందో ఆయనకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. "నేను" అన్నారు.

"ఏంటండీ?" అంది ఆవిడ.

"చూస్తా. నిన్ను. నేను."

ముద్దగానే వచ్చింది గానీ అందరికీ అర్థమైంది. "మీరా!" అంది ఆవిడ. అంత దుఃఖంలోనూ ఆవిడకి నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. ఆయనకు మాత్రం రాలేదు. "నేను" అని మళ్ళీ అన్నారు.

లేవని పాదం

విజయవాడలో ఆపరేషను జరిగింది. గుడివాడ నుంచి కోటేశ్వరరావు గారి చెల్లెలు వచ్చి కొన్నాళ్ళు వండిపెట్టి, తన ఇల్లు చూసుకోవాలి కాబట్టి వెళ్ళిపోయింది. వంగకూడదు, బరువు ఎత్తకూడదు అని నాగరత్నం గారికి గట్టిగా చెప్పాం. ఇంక మిగిలింది ఆయన.

మొదట్లో ఆయన కర్ర పట్టుకుని వంటింటి దాకా వెళ్ళడానికి ఒక పూట పట్టేది. వెళ్ళాక ఎందుకొచ్చారో మరిచిపోయేవారు. ఆవిడ కుర్చీలోంచి "చక్కెర డబ్బా పై అరలో ఉందండీ, అది ఉప్పు, ఉప్పండీ!" అని కేకలేసేది. ఆ ఇంట్లో ఉప్పు కాఫీ నేను కూడా ఒకసారి తాగాను. పర్లేదండీ అన్నాను.

ఈసారి బిళ్ళ నాగరత్నం గారి పాదానికి, ఆవిడ పేరు మీదే కట్టాం. నేను అప్పటికి రిటైరయ్యాను, అయినా వారానికోసారి వెళ్ళేదాన్ని. "వేళ్ళు పైకి లాగండి" అంటాను. ఆవిడ పళ్ళు బిగించి, మెడ నరాలు ఉబ్బేలా లాగేది. ఒళ్ళంతా కదిలేది గానీ పాదం కదిలేది కాదు. సింధూర తెర మీద గీత స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉండేది. వారాలు గడిచాయి. నరం మెల్లగా కోలుకుంటుంది, ఓపిక పట్టాలి అని ఆవిడకి చెప్తూనే ఉన్నాను. ఒక్కోసారి నరం కోలుకోదు. ఆ సంగతి నాకు తెలుసు, నాకు తెలుసునని ఆవిడకీ తెలుసు.

ఒక రోజు ఆవిడ, "మీరు ఊరికే శ్రమపడుతున్నారండీ. ఇంక అది లేవదులెండి. కాలీడ్చుకుంటూ బతికేవాళ్ళు ఎంతమంది లేరు?" అంది. నవ్వుతూనే అంది. అంతకు ముందు ఏ కష్టమొచ్చినా పర్లేదండీ అన్న మనిషి ఆ మాట అనకపోయేసరికి నాకు గుండె జారింది. ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు పాదానికి బిళ్ళ కూడా లేదు. పాడైతే సింధూర రిపేరుకి పట్టుకెళ్ళింది.

అప్పుడు వంటింట్లోంచి కోటేశ్వరరావు గారు నాకు కాఫీ పట్టుకుని వచ్చారు. ఎడమ చేతిలో కర్ర ఉంది కాబట్టి కప్పూ సాసరూ కుడిచేత్తో పట్టుకున్నారు. ఆ చేత్తో గ్లాసు పట్టించాలని నేను ఎన్ని నెలలు బతిమాలానో నాకే గుర్తు లేదు. చెయ్యి వణుకుతోంది, కప్పు సాసర్లో గలగలలాడుతోంది, కాఫీ అంచు దాటి ఒలుకుతోంది. గడప దగ్గర ఆయన కాస్త తూలారు.

"అయ్యో, పడతారు!" అంటూ నాగరత్నం గారు కుర్చీలోంచి లేవబోయింది.

కూర్చున్న మనిషి లేవాలంటే ముందు పాదాలు దగ్గరికి లాక్కుంటుంది. లాక్కునేటప్పుడు వేళ్ళు పైకి లేస్తాయి. మనం ఎవరం గమనించం. ఆవిడ కూడా గమనించలేదు. నా కళ్ళు మాత్రం ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ పాదాల మీదే ఉన్నాయి. కుడి పాదం లేచింది. దాని పక్కనే ఎడమ పాదం, చీమ దూరేంత, నేల వదిలింది.

"ఆగండి!" అని అరిచాను. ఇద్దరూ ఆగిపోయారు. కప్పు కింద పడి పగిలింది.

"లేచింది. మీ పాదం లేచింది. మళ్ళీ చెయ్యండి."

"ఏం చేశానండీ నేను?" అంది ఆవిడ కంగారుగా. వేళ్ళు లాగమంటే లాగింది. పాదం కదల్లేదు. లేవబోతున్నట్టు చెయ్యమంటే చేసింది. అలా చెయ్యాలని చేస్తే రాలేదు. ఆవిడ నా మొహం చూసింది. నేను ఓదార్పుకి అబద్ధం చెప్పానేమోనన్న అనుమానం ఆవిడ కళ్ళలో కనిపించింది. నాకు ఏడుపొచ్చింది. నేను చూశాను, కానీ నేను చూశానన్న మాట తప్ప ఆవిడకి చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.

కోటేశ్వరరావు గారు పగిలిన కప్పు వైపు చూడలేదు. నన్ను చూశారు, ఆవిడ పాదాన్ని చూశారు, కాసేపు ఆలోచించారు. వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్ళారు. లోపల కుండలో గ్లాసు ముంచిన చప్పుడైంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన చేతిలో కర్ర లేదు. కుడిచేతిలో పెద్ద స్టీలు గ్లాసు, అంచు దాకా మంచినీళ్ళు. ఒక్కో అడుగూ వేస్తూ, కళ్ళు ఆవిడ పాదం మీదే పెట్టి, నేలంతా ఒలకబోసుకుంటూ వస్తున్నారు. గడప దగ్గర ఈసారి కావాలనే తూలారు.

"జారతారండీ! అయ్యో, పడిపోతారండీ!" అని నాగరత్నం గారు లేవబోయింది. రెండు పాదాలూ పైకి లేచాయి. ఈసారి ఆవిడ కూడా చూసుకుంది.